పాలారు మోసుకెళ్లిన గంధకం

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, చాంపియన్ రీఫ్ దగ్గరి మైను లైన్లలో ఒక ఇంటి కిటికీ గూట్లో పిడికిలంత రాయి ఉంది. ఆ ఇంటి పెద్దాయన షాఫ్టులో దిగి పనిచేసి రిటైరైనవాడు. రాయి తీసి నా అరచేతిలో పెట్టి, "పట్టుకో నాయనా, బరువు చూడు" అన్నాడు. సైజుకు మించిన బరువు. నల్లటి రాయి మధ్యగా తెల్లటి పలుగురాయి చార, ఆ చార అంచున తోమని ఇత్తడి చెంబు రంగులో మచ్చలు. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతపు ముక్కను ఆయన దారానికి కట్టి రాయి పక్కన వేలాడదీశాడు. దారం తిన్నగా వేలాడలేదు, మచ్చల వైపు ఒరిగింది. రాయికి ఇంకో మూల వెండిలా మెరిసే గింజలున్నాయి. వాటి మీద సుత్తితో చిన్న దెబ్బ వేసి వాసన చూడమన్నాడు. వెల్లుల్లి వాసన!

అయస్కాంతం ఒరిగింది పైరోటైట్ వైపు. ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం అది. వెల్లుల్లి వాసన వచ్చింది ఆర్సినోపైరైట్ నుంచి. అందులో ఇనుము, ఆర్సెనిక్, గంధకం మూడూ ఉంటాయి. వాసన ఆర్సెనిక్‌ది. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా ఈ నేలలోంచి 800 టన్నులకు పైగా బంగారం తీశారు. ఆ బంగారం కథ అందరూ చెబుతారు. దాని పక్కనే ఉన్న గంధకం మాట ఎత్తేవాళ్లు తక్కువ. నాకు ఈ అధ్యాయంలో కావలసింది ఆ గంధకమే. ఎందుకంటే బంగారాన్ని ఇక్కడికి మోసుకొచ్చింది అదే.

బంగారం మామూలు నీళ్లలో కరగదు. కిలోమీటర్ల లోతున, కొన్ని వందల డిగ్రీల వేడిలో, రాళ్ల పగుళ్లలో తిరిగే నీళ్ల సంగతి వేరు. ఆ నీళ్లలో గంధకం హైడ్రోజన్‌తో జతకట్టి కరిగి ఉంటుంది. అలాంటి జంటలు రెండు అటూ ఇటూ పట్టుకుంటే ఒక బంగారు పరమాణువు పల్లకీలో కూర్చున్నట్టు కరిగి ప్రయాణం చేస్తుంది. దారిలో ఇనుము దండిగా ఉన్న రాయి తగిలిందనుకోండి, గంధకానికి బంగారం మీద కంటే ఇనుము మీద మక్కువ ఎక్కువ. వెళ్లి ఇనుముతో కలిసి పైరోటైటో, ఆర్సినోపైరైటో అవుతుంది. బోయీలు వదిలేసిన పల్లకీలోంచి బంగారం అక్కడే దిగిపోతుంది. కోలారులో తూర్పు వైపు చాంపియన్ లోడ్ అనే ఖనిజపు చారలో పలుగురాయే ప్రధానం, గంధక ఖనిజాలు తక్కువ. పడమటి వైపు లోడ్లలో మాత్రం సల్ఫైడ్లు బాగా ఉన్నాయి. ఆ కిటికీ గూట్లో రాయి రూపం చూస్తే పడమటి వైపుదే అనిపించింది.

మరి ఆ ఇనుపరాయి ఎక్కడిది? సముద్రపు అడుగుది. కోలారు శిస్టు అనే పొరల రాళ్ల పట్టీ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్ల పొడవు, నాలుగైదు కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న సన్నటి చీలిక. దక్షిణాన మన చిత్తూరు జిల్లాలోకి దిగి బిసానత్తం, చిగురుగుంట దాకా పోతుంది. అక్కడా భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లు బంగారం తవ్వారు. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట సముద్రగర్భంలో ఉబికిన లావా ఇక్కడి నల్లరాయికి మూలం. లావా నీళ్లలోకి ఉబికితే పైపొర చప్పున చల్లారి, లోపలి ముద్ద మెత్తగానే ఉండి, దిండ్లు పేర్చినట్టు గడ్డకడుతుంది. కేజీఎఫ్ పక్కన పెద్దపల్లి దగ్గరి అగ్నిపర్వత శిలల్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. ఏ సముద్రానికీ దగ్గర కాని, ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని కోలారు జిల్లాలో, రాగి చేల పక్కన, ఒకప్పటి సముద్రపు అడుగు మీద మనుషులు నడుస్తున్నారు.

ఆ సముద్రం ఇప్పటి సముద్రం లాంటిది కాదు. ఆ తేడా గంధకంలోనే ఉంది. అక్కడికి చివర్లో వస్తాను. ముందు గంధకం ఈ రాళ్లలోంచి ఎలా బయటపడుతుందో చూడాలి.

కేజీఎఫ్‌లో రైలు దిగగానే కనిపించేవి సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేశాక మిగిలిన మట్టిని నూరేళ్లకు పైగా కుప్పపోస్తూ వచ్చారు. మూడు కోట్ల టన్నులకు పైగా ఉంటుందని లెక్క. గాలుల కాలంలో ఆ మట్టి లేచి ఊరి మీద పడుతుంది, కళ్లు మండుతాయి, ఉతికి ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. ఇలాంటి దిబ్బల్లో సల్ఫైడ్ గింజలు ఎంత సన్నగా నలిగి ఉంటే గాలికీ నీటికీ అంత సులువుగా దొరుకుతాయి. కిలోమీటరు లోతున కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న ఖనిజం, పైకి తెచ్చి పిండి చేస్తే కొన్నేళ్లలో తుప్పుపడుతుంది.

తుప్పు దానంతట అది పట్టడం నెమ్మది. తొందర చేసేది బ్యాక్టీరియా. 1947లో అమెరికా బొగ్గు గనుల్లోంచి కారే పుల్లటి నీళ్లలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని అసిడితయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నారు. దానికి చక్కెరా వద్దు, సూర్యకాంతీ వద్దు. ఇనుమునూ గంధకాన్నీ ఆక్సిజన్‌తో కలిపి, ఆ చర్యలో వచ్చే శక్తితో బతుకుతుంది. పుల్లటి నీళ్లలో ఇనుము తుప్పుపట్టే వేగాన్ని ఇలాంటి జీవులు పది లక్షల రెట్ల దాకా పెంచగలవని 1970లో సింగర్, స్టుమ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. సల్ఫైడు కాస్తా సల్ఫేట్ అవుతుంది, నీళ్లు గంధకామ్లంతో పులుస్తాయి. ఈ గుణాన్నే పనికి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె.ఎ. నటరాజన్ బృందం, సల్ఫైడ్ గింజల్లో ఇరుక్కుని సైనైడుకు అందని బంగారాన్ని ఈ బ్యాక్టీరియాతో విడిపించే పద్ధతి మీద ఏళ్లపాటు పనిచేసింది. రాయచూరు జిల్లా హట్టి గనుల్లో దాన్ని పరీక్షించి చూశారు. బంగారాన్ని మోసుకొచ్చి రాయిలో దాచిన గంధకం చేతిలోంచి బ్యాక్టీరియా దాన్ని మళ్లీ విడిపించడం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

సల్ఫేట్ అయిన గంధకం నీళ్లలో ఇట్టే కరుగుతుంది. వాన పడితే కదులుతుంది. కేజీఎఫ్ ప్రాంతపు నీళ్లు ఎక్కువగా పాలారు పరీవాహకంలోకే పోతాయి. నంది కొండల్లో పుట్టిన పాలారు బేతమంగళం చెరువుకు వస్తుంది. గనుల ఊరికి తాగునీళ్లు ఇచ్చింది ఆ చెరువే. అక్కడి నుంచి కుప్పం సీమను తాకి, వాణియంబాడి, వేలూరు మీదుగా పోయి కల్పాక్కం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. చాలా ఏళ్లు ఇసుకే తప్ప నీళ్లు కనబడని ఏరు. 2021 నవంబరు లాంటి నెల వస్తే మాత్రం గట్లు తెంచుకుని పారుతుంది. ఏటి నీళ్లతో పాటు రాళ్లలోంచి వచ్చిన గంధకం కూడా సముద్రం చేరుతుంది. సముద్రంలో ఇప్పటికే లీటరుకు దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంది. క్లోరైడు తర్వాత అక్కడ ఎక్కువగా ఉండే ఋణ అయాన్ అదే.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. ప్రపంచంలోని నదులన్నీ లక్షల ఏళ్లుగా గంధకాన్ని సముద్రంలోకి దింపుతూనే ఉన్నాయి. మరి నేల మీద ఇంకా గంధకం ఎలా మిగిలింది? వేరుశనగ వేసిన రైతుకు గంధకం విలువ తెలుసు. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం చల్లమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది అందులోని కాల్షియం కోసమూ గంధకం కోసమూ. ఉల్లిపాయ ఘాటు, ఆవాల ఘాటు, వెల్లుల్లి ఘాటు, అన్నీ గంధకం పెట్టిన భిక్షే. మన ఒంట్లో ప్రొటీన్లకు, వెంట్రుకకు, గోటికి అది కావాలి. ఎరువుల బస్తాలు రాకముందు కూడా నేల పండింది కదా. అంటే సముద్రం నుంచి నేలకు గంధకం తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలి. సముద్రపు తుంపర ఎగిరి కొంత తెస్తుంది కానీ లెక్కకు చాలదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడే సముద్రం నుంచి గాలిలోకి లేస్తోందని చాలాకాలం అనుకున్నారు. కానీ ఆ వాయువు ఆక్సిజన్ ఉన్న నీళ్లలో నిలవదు. సముద్రపు పైనీళ్లలో ఆక్సిజన్‌కు కొదవ లేదు. పైగా నడి సముద్రంలో ఎవరికీ కోడిగుడ్డు వాసన రాలేదు.

బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ 1971లో షాకల్టన్ అనే పరిశోధక ఓడ ఎక్కి ఇంగ్లండ్ నుంచి అంటార్కిటికా వైపు వెళ్లాడు. దారి పొడవునా సముద్రపు నీళ్లను పరీక్షిస్తే ఎక్కడ చూసినా ఒకే వాయువు తగిలింది. దాని పేరు డైమిథైల్ సల్ఫైడ్. పొట్టిగా డీఎంఎస్ అందాం. ఒక గంధకానికి ఇటొకటి అటొకటి మిథైల్ గుంపులు. నీళ్లలోంచి సులువుగా గాలిలోకి లేచే పదార్థం. 1972లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. తప్పిపోయిన దారి దొరికినట్టయింది.

డీఎంఎస్ వాసన మీకు తెలిసిందే. క్యాబేజీ ఉడికేటప్పుడు, మొక్కజొన్న పొత్తు ఉడకబెట్టేటప్పుడు వచ్చే వాసనలో అది ఉంటుంది. విశాఖలో రామకృష్ణా బీచ్ వైపు నడుస్తుంటే నీళ్లు కనబడకముందే ముక్కుకు తగిలే సముద్రపు వాసనలోనూ దాని పాలు ఉంది. సముద్రపు పక్షుల్లో కొన్ని ఆ వాసన పట్టుకునే మేత ఉన్న చోటికి ఎగిరిపోతాయని 1990లలో గాబ్రియెల్ నెవిట్ పరిశోధనలు చూపించాయి.

ఇంత గంధకాన్ని గాలిలోకి ఎత్తుతున్నది ఎవరు? కంటికి కనబడని జీవులు. ఆవకాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కకు ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచితే ముక్క నీరు కక్కి ముడుచుకుపోతుంది. ఉప్పు సముద్రంలో తేలే ఏకకణ జీవికి ప్రతి క్షణం అదే గండం. లోపలి నీరు బయటికి పోకుండా ఉండాలంటే బయట ఉన్నంత చిక్కదనం కణం లోపలా ఉండాలి. అలాగని ఉప్పునే లోపలికి తీసుకుంటే ప్రొటీన్లు పాడవుతాయి. అందుకని చాలా వృక్షప్లవకాలు సల్ఫేట్‌లోని గంధకంతో డీఎంఎస్‌పీ అనే ఒక పదార్థం తయారు చేసుకుని ఒంటినిండా నింపుకుంటాయి. ఉప్పు చేసే పని అది చేస్తుంది, హాని మాత్రం చేయదు. ఎండ దెబ్బకూ చలి దెబ్బకూ కూడా అది కాపు కాస్తుందని చెబుతారు. ఎమిలియానియా హక్స్‌లీ అనే జీవి వీటిలో పేరుపొందింది. వెడల్పు మిల్లీమీటరులో రెండొందలో వంతు, చుట్టూ సున్నపు బిళ్లల కవచం. అది విరగబడి పెరిగినప్పుడు సముద్రం పాలు కలిపినట్టు తెల్లబడి ఉపగ్రహం నుంచి కూడా కనిపిస్తుంది. ప్రపంచ సముద్రాల్లో ఏటా తయారయ్యే డీఎంఎస్‌పీ వంద కోట్ల టన్నుల స్థాయిలో ఉంటుందని అంచనా. దాన్ని చేసేది వృక్షప్లవకాలూ సముద్రపు నాచులే అనుకునేవారు. కొన్ని సముద్ర బ్యాక్టీరియా కూడా చేస్తున్నాయని 2017లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్లు కనిపెట్టారు.

ప్లవకం చచ్చినా, వైరస్ సోకి పగిలినా, ఇంకో జీవి నోట పడినా డీఎంఎస్‌పీ నీళ్లలో కలుస్తుంది. దాని కోసం కాచుకుని ఉండే బ్యాక్టీరియాకు లెక్కే లేదు. వాటిలో సార్11 అనే గుంపు గురించి కాస్త ఆగి చెప్పాలి. సముద్రపు పైనీళ్లలో ఉన్న కణాల్లో సుమారు నాలుగో వంతు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, ఈ ఒక్క గుంపువే. భూమ్మీద ఇంత సంఖ్యలో ఉన్న జీవి ఇంకొకటి ఉందో లేదో చెప్పడం కష్టం. చుట్టూ సల్ఫేట్ ఉప్పెనగా ఉన్నా, దాన్ని తన ఒంటికి పనికొచ్చే గంధకంగా మార్చుకునే జన్యువులు దీనికి లేవని 2008లో తేలింది. సముద్రం నిండా గంధకం ఉన్నా, ఇంకొకరు వండి పెడితే తప్ప తినలేదు. ఆ వండిన కూడే డీఎంఎస్‌పీ.

బ్యాక్టీరియా చేతికి చిక్కిన డీఎంఎస్‌పీకి రెండు దారులు. ఒక దారిలో బ్యాక్టీరియా దానిలోని మిథైల్ గుంపును తీసేసి, గంధకాన్ని తన ప్రొటీన్లలోకి కలుపుకుంటుంది. గంధకం సముద్రంలోనే మిగిలిపోతుంది. రెండో దారిలో అణువును నిలువునా చీల్చి, కార్బన్ భాగాన్ని తిని, గంధకాన్ని డీఎంఎస్ రూపంలో వదిలేస్తుంది. ఈ చీల్చే పనికి కావలసిన జన్యువుల్లో మొదటిదాన్ని 2007లో అదే ఈస్ట్ ఆంగ్లియాలో ఆండ్రూ జాన్‌స్టన్ బృందం పట్టుకుంది. ఆ తర్వాత అలాంటివి వరసగా బయటపడ్డాయి. ఎక్కువ భాగం మొదటి దారినే పోతుంది. చీలి పుట్టిన డీఎంఎస్‌లోనూ చాలావరకు ఇతర బ్యాక్టీరియా తినేస్తాయి, ఎండకు కొంత విరుగుతుంది. అన్నీ పోను గాలిలోకి లేచేది చిటికెడు. ఆ చిటికెడే ఏటా 2 నుంచి 3 కోట్ల టన్నుల గంధకం. కంటికి కనబడని ఒక బ్యాక్టీరియా ఆకలిగా ఉందా, దానికి ఆ పూట కావలసింది గంధకమా కార్బనా అన్నదాన్ని బట్టి ఆకాశంలోకి పోయే గంధకం పెరుగుతుంది, తగ్గుతుంది.

గాలిలోకి లేచిన డీఎంఎస్ ఒకటి రెండు రోజుల్లో ఆక్సీకరణం చెందుతుంది. కొంత సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, అందులో కొంత గంధకామ్లం అవుతుంది. ఆ ఆమ్లపు అణువులు ఒకదానికొకటి అంటుకుని నలుసులవుతాయి. నలుసు లేనిదే మబ్బు లేదు. శుభ్రమైన గాలిలో నీటి ఆవిరి తనంతట తాను చుక్క కట్టాలంటే గాలి పట్టగలిగిన దానికి నాలుగు రెట్ల ఆవిరి కావాలి, అలాంటి పరిస్థితి ఆకాశంలో రాదు. మిల్లీమీటరులో పదివేలో వంతు సైజు నలుసు ఒకటి దొరికితే చాలు, దాన్ని పట్టుకుని ఆవిరి చుక్క కడుతుంది. మనం చేలో విత్తనం నాటినట్టు సముద్రం మబ్బుకు విత్తనం నాటుతోంది. విత్తనాలు ఎక్కువైతే అదే నీరు ఎక్కువ చుక్కలుగా, సన్న చుక్కలుగా పంచుకుంటుంది. సన్న చుక్కల మబ్బు మరింత తెల్లగా ఉంటుంది, ఎండను ఎక్కువగా వెనక్కి తిప్పుతుంది. దీన్ని 1970లలో ట్వోమీ అనే శాస్త్రవేత్త వివరించాడు.

వీటన్నిటినీ కలిపి 1987లో చార్ల్‌సన్, లవ్‌లాక్, ఆండ్రే, వారెన్ అనే నలుగురు ఒక పెద్ద మాట అన్నారు. సముద్రం వేడెక్కితే ప్లవకాలు ఎక్కువ డీఎంఎస్ వదులుతాయి, మబ్బులు తెల్లబడతాయి, ఎండ తగ్గి సముద్రం చల్లబడుతుంది. జీవులే భూమి వేడిని సర్దుతున్నాయి అని. నలుగురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని క్లా ప్రతిపాదన అంటారు. చదివినప్పుడు ఎవరికైనా మనసు పారేసుకోవాలనిపించే ఆలోచన. అయితే 2011లో క్విన్, బేట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. సముద్రం మీది మబ్బు విత్తనాల్లో అలల తుంపర నుంచి వచ్చే ఉప్పూ సేంద్రియ పదార్థమూ చాలా ఉన్నాయనీ, డీఎంఎస్ కాస్త పెరిగినా మబ్బు అంతగా మారదనీ లెక్కలు చూపించారు. 2020లో నాసా విమానాల కొలతల్లో, డీఎంఎస్ విరిగే దారిలో అంతకుముందు గాలిలో చూడని గంధక పదార్థం ఒకటి దొరికింది. అది మబ్బు చుక్కల్లోనే కరిగిపోతే కొత్త నలుసులు పుట్టడం తగ్గుతుంది. కాబట్టి సముద్రజీవులు వాతావరణాన్ని దానంతటదే సరిదిద్దే యంత్రం అని ఇప్పుడు చెప్పలేం. డీఎంఎస్ మబ్బుల్ని తాకుతుందన్నది మాత్రం నిలబడింది. మనుషుల పొగ అంతగా చేరని దక్షిణ మహాసముద్రం మీద దాని ప్రభావం బాగా కనిపిస్తుంది.

మన ఆకాశం సంగతి వేరు. కోలారు మీద కమ్ముకునే మబ్బుల్లో బొగ్గు కరెంటు కేంద్రాల పొగ, పొలాల దుమ్ము, పొయ్యిల మసి కలిసే ఉంటాయి. గత శతాబ్దం చివర్లో ప్రపంచంలో మనుషులు గాలిలోకి వదిలిన గంధకం సముద్రజీవులు వదిలేదానికి రెండు మూడు రెట్లు. దాని బలం ఎంతో 2020లో ఇంకోలా తెలిసింది. ఆ ఏడు జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించారు. ఓడల దారుల మీద సముద్రంలో గీత గీసినట్టు కనిపించే తెల్లటి మబ్బుచారలు తగ్గాయి. ఊపిరితిత్తులకు మేలైంది, సముద్రానికి తగిలే ఎండ కొంచెం పెరిగింది. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు ఇష్టం లేదు.

మన సముద్రాల్లో డీఎంఎస్‌ను కొలిచినవాళ్లు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు. దామోదర్ షెణై, దిలీప్ కుమార్ వంటివారు జువారీ నదీముఖంలోనూ హిందూ మహాసముద్రంలోనూ ఋతువు మారితే అది ఎలా మారుతుందో పట్టిక కట్టారు. అదే సంస్థకు చెందిన నఖ్వీ బృందం 2000లో నేచర్‌లో రాసిన పరిశోధనలో పశ్చిమ తీరపు గంధకం ఇంకో ముఖం చూపించింది. నైరుతి ఋతుపవనాల తర్వాత ఆ తీరపు అడుగునీళ్లలో ఆక్సిజన్ పూర్తిగా తరిగిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని అది చెప్పింది. మొదట వద్దనుకున్న కోడిగుడ్డు వాసన అడుగున ఉంది!

అక్కడ పనిచేసేవి వేరే బ్యాక్టీరియా. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అవి సల్ఫేట్‌ను పీల్చి సల్ఫైడ్‌ను వదులుతాయి. కోలారు జిల్లాలో ఎండాకాలం తగ్గుముఖం పట్టిన చెరువు అంచున బురదలో కర్ర గుచ్చి చూడండి. పైన గోధుమరంగు, వేలెడు లోతులో నల్లటి బురద, గుచ్చిన చోట బుడగలు. ఆ నలుపు ఇనుమూ సల్ఫైడూ కలిసినది. బుడగల్లో ఎక్కువ భాగం మీథేన్. చెరువు నీళ్లలో సల్ఫేట్ తక్కువ కాబట్టి సల్ఫేట్ పీల్చే జీవులు తొందరగా ఆగిపోతాయి, మీథేన్ చేసే జీవులు చేతికి దొరికింది తిని పెరుగుతాయి. సముద్రపు బురదలో సల్ఫేట్‌కు కొరత లేదు. అక్కడ పై పొరల్లో మీథేన్ పుట్టడమే కష్టం. లోతుల్లో పుట్టినది పైకి వస్తే ఒక పొర దగ్గర రెండు రకాల సూక్ష్మజీవులు చేతులు కలిపి, సల్ఫేట్ సాయంతో దాన్ని తినేస్తాయి. సముద్రపు బురదలో పుట్టే మీథేన్‌లో దాదాపు 90 శాతం నీళ్లు చేరకముందే అలా తరిగిపోతుందని అంచనా. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు. సముద్రపు గంధకం వాతావరణానికి చేసే మేలు మబ్బుల్లో కంటే ఈ బురదలోనే ఎక్కువేమో అని నేను అనుకుంటాను.

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఈ కాపలా ఎంత అవసరమో తెలుస్తుంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ మచిలీపట్నం, కాకినాడ ఎదుటి లోతునీళ్లలో మీథేన్ మంచుగడ్డలా గట్టిపడి ఉన్న మందపాటి పొరలు కనుక్కుంది. ఆ బురదలో సల్ఫేట్ పైనుంచి కిందికి, మీథేన్ కింది నుంచి పైకి వస్తూ ఎక్కడ కలుసుకుంటాయో గోవా సంస్థలోని అనిందా మజుందార్ బృందం బురద నీళ్లను పొరపొరగా పరీక్షించి చూసింది. కృష్ణా, గోదావరి, పాలారు లాంటి నదులు దింపుతూ వచ్చిన సల్ఫేట్ సముద్రపు నీళ్లతో కలిసి అక్కడ మీథేన్‌కు అడ్డు నిలబడింది.

ఇప్పుడు కిటికీ గూట్లో రాయి దగ్గరికి వెనక్కి వస్తాను. ఆ రాయి పుట్టినప్పటి సముద్రంలో ఈ కాపలా లేదు. 270 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ లేదు. రాళ్లలోని సల్ఫైడ్‌ను తుప్పు పట్టించి సల్ఫేట్‌గా నదుల్లోకి దింపేవాళ్లు లేరు. సముద్రంలో సల్ఫేట్ ఇప్పటిదానిలో వందో వంతు కంటే తక్కువ. అందువల్ల ఆ కాలపు బురదలో పుట్టిన మీథేన్ గాలిలోకి తేలికగా చేరి ఉండాలి. ఇవన్నీ ఎవరు చూశారంటే, గంధకమే చూసింది. గంధకంలో బరువు తేడాతో నాలుగు స్థిరమైన ఐసోటోపులున్నాయి. సల్ఫేట్ పీల్చే బ్యాక్టీరియా తేలిక మూటల్నే ముందు ఎత్తుకునే హమాలీలా తేలిక గంధకాన్ని ఏరుకుంటుంది, ఆ ఏరివేత రాయిలో మిగిలిపోతుంది. అయితే ఈ ఏరివేత ఎప్పుడూ బరువు తేడా ప్రకారమే సాగుతుంది. 2000లో ఫార్కర్, బావో, థీమెన్స్ అనే శాస్త్రవేత్తలు చూస్తే, దాదాపు 240 కోట్ల ఏళ్ల కంటే పాత రాళ్లలో ఆ లెక్క తప్పింది. ఓజోన్ గొడుగు లేని ఆకాశంలో అతినీల లోహిత కిరణాలు గంధక వాయువుల్ని విరిస్తేనే అలాంటి తప్పు లెక్క వస్తుంది. 2017లో జపాన్ పరిశోధకులు చిత్రదుర్గ వైపు ధార్వాడ్ శిలల్లో నాలుగు ఐసోటోపుల్నీ కొలిచి, ఆ పాత ఆకాశపు గుర్తుల్ని మన దక్కను రాళ్లలోనూ చదివారు. కోలారు పట్టీ ఆ ధార్వాడ్ నేలకు తూర్పు పక్కదే.

గంధకాన్ని నమ్ముకుని బతికే జీవులు ఎంత లోతుకు పోగలవో తెలిపింది కూడా ఒక బంగారు గనే. దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, 60 డిగ్రీల వేడి నీళ్లలో దొరికిన బ్యాక్టీరియా వివరాలు 2008లో బయటికి వచ్చాయి. ఆ నీళ్లలోని కణాల్లో 99.9 శాతం ఒకే జాతివి. డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వియేటర్ అని పేరు పెట్టారు. జూల్స్ వెర్న్ నవలలోని లాటిన్ మాటల నుంచి వచ్చిన పేరు, సాహసయాత్రికుడు అని అర్థం. సూర్యుడితో దానికి పని లేదు. రాతిలోని యురేనియం వెలువరించే రేడియేషన్ నీటిని విరిస్తే హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్‌ను తిని, సల్ఫేట్‌ను పీల్చి బతుకుతుంది.

చాంపియన్ రీఫ్ గని దాదాపు 3.2 కిలోమీటర్ల లోతు. 1965లో ఆ గనిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, ఒసాకా సిటీ, డర్హామ్ విశ్వవిద్యాలయాలవాళ్లు కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలను పట్టుకున్నారు. పై రాళ్ల మందం అంత గట్టి తెర. 2001లో పంపులు ఆగాక గనుల్లోకి నీళ్లు ఊరుతూ వచ్చి షాఫ్టులు నిండాయి. అరవై డిగ్రీలు దాటే వేడి ఉన్న రాళ్లు, సల్ఫైడ్ గోడలు, చీకటి, నీళ్లు, అన్నీ అక్కడే ఉన్నాయి. షాఫ్టు మూత తీసి, కడిగిన సీసాను తాడుకు కట్టి లోతుకు దించి, ఆ నీళ్లలోని సల్ఫేట్‌నూ సల్ఫైడ్‌నూ కణాల్నీ ఐసోటోపుల్నీ పొరపొరగా కొలవాలని నా కోరిక. పెద్ద ఖర్చు కాదు. బెంగళూరు నుంచి రెండు గంటల దారి. దిగే మెట్లూ తాళ్లూ ఎక్కడ ఎలా ఉండేవో చెప్పగల ముసలివాళ్లు ఆ లైన్లలో ఇంకా ఉన్నారు.